నిబంధన ఒక్కచోట రాయండి, పేరు పెట్టి పిలవండి

సంపాదకుల వారికి నమస్కారం.

మనుషుల దరఖాస్తుల మీద కంప్యూటర్లు నిర్ణయాలు తీసుకోవడం గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు వదలకుండా చదువుతాను. దాదాపు అన్నీ కృత్రిమ మేధ చుట్టూనే తిరుగుతాయి. అప్పు ఇవ్వాలా వద్దా, బీమా క్లెయిము చెల్లుతుందా లేదా, ఈ మనిషి ఫలానా పథకానికి అర్హులా కాదా అన్న ప్రశ్నలకు నేను పనిచేసిన చోట్ల జవాబు చెప్పింది మాత్రం ఎవరో ఒకరు కూర్చుని వాక్యం వాక్యంగా రాసిపెట్టిన నిబంధనలే. ఆ రాసేవాళ్లలో నేనూ ఉన్నాను. ప్రోగ్రామర్‌ని కాను. దరఖాస్తుల ఫైళ్లు చేత్తో పరిశీలించే ఉద్యోగం చాలా ఏళ్లు చేసి, ఆ నిబంధనలనే కంప్యూటర్‌కు ఎక్కించే పనిలోకి వచ్చాను.

మనిషి రాసిన నిబంధనలో తప్పుంటే అది ఏ వాక్యంలో ఉందో వేలెత్తి చూపించవచ్చు. అలా చూపించాలంటే నిబంధన ఒక్కచోటే ఉండాలి, దానికో పేరుండాలి, అవసరమైన ప్రతి చోటా ఆ పేరుతోనే దాన్ని పిలవాలి. అంటే దాన్ని ఒక ఫంక్షన్‌గా రాయాలి. ఇది ప్రోగ్రామర్ల వ్యవహారం అనుకుని నిబంధనలకు బాధ్యులైన అధికారులు పక్కకు తప్పుకోవడం చూస్తున్నాను. వాళ్లకీ, ఆ నిర్ణయాల ఫలితం అనుభవించే జనానికీ ఈ సంగతి తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇలాంటి నిబంధనలు రాయడానికి ఒక ప్రమాణం ఉంది. పేరు డెసిషన్ మోడల్ అండ్ నొటేషన్, పొట్టిగా డీఎంఎన్. ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దీని మొదటి వెర్షన్‌ను 2015లో విడుదల చేసింది. సాఫ్ట్‌వేర్ వాళ్లకు బాగా తెలిసిన యూఎంఎల్, బీపీఎంఎన్ అనే బొమ్మల ప్రమాణాలు కూడా ఆ సంస్థ చూసుకునేవే. డీఎంఎన్‌లో బొమ్మలుంటాయి, పట్టికలుంటాయి, ఆ పట్టికల గళ్లలో షరతులూ లెక్కలూ రాసుకోవడానికి ఫీల్ అనే చిన్న భాష ఉంటుంది. దాని పూర్తి పేరు ఫ్రెండ్లీ ఎనఫ్ ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్. ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా చదివి అర్థం చేసుకోగలగాలన్న ఉద్దేశం దాని తయారీలోనే కనిపిస్తుంది. 'పుట్టిన తేదీ' అని మధ్యలో ఖాళీతో ఉన్న పేరును అలాగే రాసుకోవచ్చు. జాబితాలో మొదటి అంశాన్ని ఒకటి అనే లెక్కపెడుతుంది. అంకెలను దశాంశ పద్ధతిలోనే, 34 అంకెల దాకా పట్టుకుంటుంది కాబట్టి 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 వస్తుంది. చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో ఇదే కూడికకు చివర్లో చిన్న తోక మిగులుతుంది. డబ్బు లెక్కల్లో ఆ తోక ఎంత తలనొప్పో ఖాతాలు సరిచూసినవాళ్లకు తెలుసు.

పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చని కూడా చాలామందికి తెలియదు. ఫీల్ వ్యాకరణం పేర్లకు అనుమతించే యూనికోడ్ అక్షరాల పరిధిలో తెలుగు లిపి మొత్తం ఉంది. ఫంక్షన్, ఇఫ్, దెన్, ఎల్స్ లాంటి కొన్ని మాటలు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చెయ్యాలి. ఈ ఉత్తరంలో చదవడానికి వీలుగా వాటినీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. తెలుగు పేర్లు పెట్టేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. పొల్లుతో ముగిసే మాట చివర కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని ఒక అక్షరాన్ని చేరుస్తాయి. 'లోన్' అని రెండు చోట్ల టైపు చేస్తే కంటికి ఒకటే, యంత్రానికి రెండు వేరువేరు పేర్లు. అందుకే పేరును మళ్లీ మళ్లీ టైపు చెయ్యకుండా నిబంధనలు రాసే సాఫ్ట్‌వేర్ చూపించే జాబితా నుంచి ఎంచుకోవడం మేలు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఫంక్షన్ ఎందుకు కావాలో చెప్పడానికి వయసు లెక్క కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

"దరఖాస్తుదారుకు 18 ఏళ్లు నిండి ఉండాలి" అనేది నిబంధన. ఇందులో సందేహం ఏముంది అనిపిస్తుంది. ఒక పట్టిక రాసిన మనిషి దరఖాస్తు తేదీలోంచి పుట్టిన తేదీని తీసేశాడు. ఫీల్‌లో రెండు తేదీల తేడా రోజుల్లో వస్తుంది కాబట్టి ఆ రోజులను 365తో భాగించి, భిన్నం వదిలేశాడు. ఇంకో పట్టిక రాసినవాళ్లు ఏడాదిలోంచి ఏడాదిని తీసేశారు. మూడో పట్టికలో మాత్రం ఫీల్‌లో సిద్ధంగా ఉన్న ఇయర్స్ అండ్ మంత్స్ డ్యురేషన్ అనే ఫంక్షన్‌ను వాడారు. 2007 నవంబర్ 20న పుట్టిన మనిషి 2025 నవంబర్ 17న దరఖాస్తు పెట్టుకున్నారనుకుందాం. ఆ పద్దెనిమిదేళ్లలో 2008, 2012, 2016, 2020, 2024 అని ఐదు లీపు సంవత్సరాలున్నాయి. అందువల్ల 365తో భాగించే పట్టిక ఆ మనిషికి నవంబర్ 15 నుంచే 18 అంటుంది. ఏడాదిలోంచి ఏడాది తీసే పట్టిక 2025 జనవరి 1 నుంచే 18 అంటుంది. మూడో పట్టిక ఒక్కటే 17 అంటుంది, అదే నిజం. ఒకే దరఖాస్తు, ఒకే రోజు, ఒకే సంస్థ. ఒక మెట్టు దగ్గర అర్హత ఉంది, తర్వాతి మెట్టు దగ్గర లేదు.

ఇలాంటి దరఖాస్తులు నా చేతిలోకి వచ్చాయి. ఎవరి తప్పు అని అడిగితే తిలాపాపం తలా పిడికెడు అన్నట్టుంటుంది. ఏ పట్టిక రాసినవాళ్లకు ఆ పట్టిక సరిగానే ఉంది. వయసు ఎలా లెక్కపెట్టాలో ఎవరూ ఒక్కచోట రాయకపోవడం అసలు లోపం.

ఫీల్‌లో దాన్ని ఒక్కచోట రాయడం ఎంత తేలికో చూడండి:

వయసు లెక్క = ఫంక్షన్(పుట్టిన తేదీ, లెక్క తేదీ) ఇయర్స్ అండ్ మంత్స్ డ్యురేషన్(పుట్టిన తేదీ, లెక్క తేదీ).ఇయర్స్

ఫంక్షన్ అనే మాట, బ్రాకెట్లలో అది అడిగే వివరాల పేర్లు, ఆ తర్వాత లెక్క. ఫలితాన్ని తిరిగి ఇమ్మని విడిగా చెప్పక్కర్లేదు, ఆ లెక్క విలువే ఫలితం. పిలిచేటప్పుడు ఇలా రాస్తాం:

వయసు లెక్క(దరఖాస్తుదారు.పుట్టిన తేదీ, దరఖాస్తు తేదీ) >= 18

ఇక 365తో భాగించే అవసరం ఎవరికీ ఉండదు. ఫిబ్రవరి 29న పుట్టినవాళ్లకు లీపు కాని ఏడాదిలో ఫిబ్రవరి 28నే వయసు నిండినట్టా, మార్చి 1నా అనే ప్రశ్న వస్తే, దానికి జవాబు సంస్థ ఒక్కసారి తేల్చుకుని ఈ ఒక్క వాక్యంలో చేర్చుకుంటే చాలు. పిలిచిన ప్రతి పట్టికా ఆ జవాబునే అనుసరిస్తుంది.

ఫంక్షన్‌కు రెండో వివరంగా 'లెక్క తేదీ' ఎందుకు పెట్టాను అని అడిగినవాళ్లున్నారు. ఈరోజు తేదీ ఇచ్చే టుడే అనే ఫంక్షన్ ఫీల్‌లో ఉంది కదా, దాన్నే లోపల వాడేస్తే ఒక వివరం తగ్గుతుంది కదా అన్నారు. నేను ఒప్పుకోను. ఇవాళ తిరస్కరించిన దరఖాస్తు మీద ఆరు నెలల తర్వాత అప్పీలు వస్తుంది. లోపల టుడే ఉంటే అప్పటికి వయసు మారిపోయి ఉంటుంది, పాత నిర్ణయాన్ని మళ్లీ లెక్కకట్టి చూపించడం కుదరదు. తేదీని బయట నుంచి ఇస్తే ఎప్పుడు లెక్కవేసినా అదే జవాబు వస్తుంది. ఫీల్ ఫంక్షన్లు బయట దేన్నీ మార్చవు, ఏ ఫైలులోనూ రాయవు. ఇచ్చిన వివరాలు అవే అయితే జవాబూ అదే. ఈ గుణాన్ని మన చేతులతో మనమే చెడగొట్టుకోకూడదు.

ఇలాంటి ఫంక్షన్‌ను ఎక్కడ ఉంచాలనేది తర్వాతి ప్రశ్న. ఒక్క నిర్ణయం లోపలే వాడేదైతే ఆ నిర్ణయపు కాంటెక్స్ట్‌లో పెట్టుకోవచ్చు. కాంటెక్స్ట్ అంటే పేరు, దాని పక్కన విలువ, ఇలా వరుసగా రాసుకునే పెట్టె. పై వరుసలో ఫంక్షన్ రాస్తే కింది వరుసల్లో దాన్ని పిలవచ్చు. నాలుగైదు నిర్ణయాలకు కావలసిందైతే బిజినెస్ నాలెడ్జ్ మోడల్‌గా రాయాలి. డీఎంఎన్ బొమ్మలో నిర్ణయాన్ని దీర్ఘచతురస్రంతో, ఇన్‌పుట్ వివరాన్ని కోలగా ఉండే గుర్తుతో చూపిస్తారు. బిజినెస్ నాలెడ్జ్ మోడల్‌కు రెండు మూలలు కత్తిరించిన దీర్ఘచతురస్రం. దాని నుంచి నిర్ణయం వైపు గీతలు గీతలుగా తెగిన బాణం గీయాలి. ఆ బాణం గీయకపోతే ఆ నిర్ణయానికి ఫంక్షన్ పేరే తెలియదు. కొత్తగా చేరినవాళ్లు గంటలకొద్దీ టెన్షన్ పడి వెతికేది చాలాసార్లు ఈ బాణం గురించే.

ఈ కట్టుబాటు మొదట్లో చాదస్తంలా అనిపిస్తుంది. దాని విలువ ఆడిట్ వచ్చినప్పుడు తెలుస్తుంది. బిజినెస్ నాలెడ్జ్ మోడల్‌కు తన బ్రాకెట్లలో అడిగిన వివరాలు, తాను బాణంతో కలుపుకున్న ఇతర నాలెడ్జ్ మోడళ్లు తప్ప బొమ్మలోని వేరే ఇన్‌పుట్లు కనిపించవు. అంటే ఒక మనిషి వయసు తేల్చడానికి ఏ వివరాలు వాడారో ఆ ఫంక్షన్ మొదటి వరుసే చెబుతుంది. చిరునామా, ఇంటి పేరు, మతం లాంటివి ఎక్కడో చాటుగా లెక్కలో దూరాయేమో అన్న అనుమానాన్ని ఒక్క వరుస చదివి తీర్చుకోవచ్చు. ఒక దరఖాస్తుదారు తరఫున అడిగేవాళ్లకు ఇంతకంటే సూటి జవాబు నేను ఇంకెక్కడా చూడలేదు.

పిలిచే పద్ధతి గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఫంక్షన్ రాయడంలో కంటే పిలవడంలోనే ఉన్నాయి. అప్పు వాయిదా లెక్క తీసుకుందాం. అందరికీ తెలిసిన సూత్రమే:

నెల వాయిదా = ఫంక్షన్(అసలు, వడ్డీ, నెలలు) (అసలు * వడ్డీ / 12) / (1 - (1 + వడ్డీ / 12) ** -నెలలు)

రెండు నక్షత్రాలంటే ఘాతం. లక్ష అసలు, ఏడాదికి 12 శాతం వడ్డీ, 24 నెలలు అయితే నెల వాయిదా(100000, 0.12, 24) అని పిలుస్తాం. జవాబు 4,707.35. ఇప్పుడు ఎవరో తొందరలో మొదటిదీ మూడోదీ తారుమారు చేసి నెల వాయిదా(24, 0.12, 100000) అన్నారనుకోండి. ఇరవై నాలుగు అసలును లక్ష నెలల్లో తీర్చమన్నట్టు. జవాబు 0.24 వస్తుంది. ఏ హెచ్చరికా రాదు. మూడు వివరాలూ అంకెలే కాబట్టి వాటి రకం అంకె అని ముందే ప్రకటించినా ఫీల్ పట్టుకోలేదు. వడ్డీని 0.12కి బదులు 12 అని ఇస్తే వాయిదా నెలకు లక్ష దాటుతుంది. అదీ నిశ్శబ్దంగానే.

దీనికి విరుగుడు ఆ భాషలోనే ఉంది. వివరాలను పేర్లతో ఇవ్వవచ్చు:

నెల వాయిదా(అసలు: 100000, దశాంశ వడ్డీ: 0.12, నెలలు: 24)

పేర్లతో ఇచ్చినప్పుడు వరుస ఎలా ఉన్నా ఫలితం మారదు. వడ్డీ అనే పేరును 'దశాంశ వడ్డీ' అని మార్చాను చూడండి. ఏ కొలతలో ఇవ్వాలో పేరే చెబితే 12 అని టైపు చేసే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. డీఎంఎన్‌లో పిలుపును పట్టికలా రాసే పద్ధతి కూడా ఉంది. పైన ఫంక్షన్ పేరు, కింద ఎడమ వైపు వివరం పేరు, కుడి వైపు విలువ. ఆ పట్టికను అధికారి చేతిలో పెడితే ప్రోగ్రామింగ్ తెలియకపోయినా తప్పొప్పులు చెబుతారు. నా అభిప్రాయంలో ఒకటికి మించి వివరాలు అడిగే ఏ ఫంక్షన్‌నైనా పేర్లతోనే పిలవాలి. టైపింగ్ ఎక్కువవుతుందన్న ఫిర్యాదు నాకు చాలా చిన్నదిగా కనిపిస్తుంది.

పేర్ల విషయంలో ఇంకొక్క మాట. ఫీల్ పేర్ల మధ్య ఖాళీతో పాటు అడ్డగీత, ఏటవాలు గీత లాంటి గుర్తులను కూడా అనుమతిస్తుంది. 'అసలు-వడ్డీ' అని పేరు పెడితే అది ఒక పేరా, తీసివేతా అని చదివే మనిషి తికమకపడతాడు. వీలున్నంత మాత్రాన వాడక్కర్లేదు.

ఆ వాయిదా ఫంక్షన్‌లో ఇంకో లోపం ఉంది, చూసే ఉంటారు. వడ్డీ లేని అప్పుకు వడ్డీ సున్నా. అప్పుడు పైన సున్నా, కింద ఒకటిలోంచి ఒకటి పోగా సున్నా. సున్నాతో భాగిస్తే ఫీల్ ఆగిపోదు, కేకలు పెట్టదు. నల్ అనే విలువ ఇస్తుంది, అంటే విలువ లేదని అర్థం. కాబట్టి ఫంక్షన్‌ను ఇలా సరిచెయ్యాలి:

ఇఫ్ దశాంశ వడ్డీ = 0 దెన్ అసలు / నెలలు ఎల్స్

ఆ తర్వాత పాత సూత్రం. ఎల్స్ తప్పనిసరి, అది లేని ఇఫ్‌ను ఫీల్ ఒప్పుకోదు. ఈ సవరణ ఒక్కచోట చేస్తే చాలు. సూత్రాన్ని పదిచోట్ల కాపీ చేసి ఉంటే పదిచోట్లా వెతకాలి, పదకొండోది ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు.

ఈ నల్ గురించే నేను ఎక్కువ బాధపడేది. ఫీల్‌లో ఏదైనా సరిగా జరగకపోతే చాలా సందర్భాల్లో వచ్చే జవాబు నల్. మూడు వివరాలు అడిగే ఫంక్షన్‌కు రెండే ఇచ్చినా నల్. తేదీ అడిగిన చోట అంకె ఇచ్చినా నల్. వాడే సాఫ్ట్‌వేర్‌ను బట్టి ఎక్కడో ఒక హెచ్చరిక నమోదు కావచ్చు, కానీ లెక్క ముందుకు సాగిపోతూనే ఉంటుంది. ఇంతవరకు సరే. ఆ నల్ వెళ్లి ఒక షరతులో పడితే ఏమవుతుందో చూడండి:

ఇఫ్ వయసు >= 18 దెన్ "అర్హులు" ఎల్స్ "అనర్హులు"

వయసు నల్ అయితే, నల్‌ను 18తో పోల్చిన ఫలితమూ నల్. షరతు నిజమైతేనే దెన్ వైపు వెళ్తుంది, మిగతా అన్ని సందర్భాల్లో ఎల్స్ వైపు. కాబట్టి పుట్టిన తేదీ నమోదు కాని మనిషి అనర్హులు అయిపోతారు. పట్టికల్లోనూ ఇదే కథ. మొదట సరిపోయిన వరుసను తీసుకునే ఫస్ట్ పద్ధతి పట్టికలో చివరి వరుస గడిలో గీత (ఏ విలువైనా సరే అని అర్థం) పెట్టి 'తిరస్కరణ' అని రాస్తే, వివరం లేనివాళ్లంతా ఆ వరుసలోకి జారిపోతారు. పత్రాన్ని స్కాన్ చేసినప్పుడు తేదీ సరిగా పడకపోవచ్చు, ఆపరేటర్ ఆ గడి వదిలేసి ఉండవచ్చు. దరఖాస్తు పెట్టుకున్న మనిషికి మాత్రం చేతికొచ్చేది "మీకు అర్హత లేదు" అనే ఒక్క వాక్యం. ఆ వాక్యం అబద్ధం. తేలనిదాన్ని తేలిపోయినట్టు చెప్పింది.

ఫైళ్లు చేత్తో చూసిన రోజుల్లో తేదీ లేని దరఖాస్తును ఏ గుమాస్తా కూడా తిరస్కరించేవాడు కాదు. మార్జిన్‌లో గుర్తు పెట్టి, వివరం కోసం వెనక్కి పంపేవాడు. ఆ మామూలు మర్యాదను ఫంక్షన్‌లో రాయడానికి పట్టేది ఒక్క వాక్యమే:

అర్హత = ఫంక్షన్(వయసు) ఇఫ్ వయసు = నల్ దెన్ "వివరం అడగాలి" ఎల్స్ ఇఫ్ వయసు >= 18 దెన్ "అర్హులు" ఎల్స్ "అనర్హులు"

నిబంధనలు రాసే సాటి ఉద్యోగులకు నా విన్నపం ఇదే. అవును, కాదు అని జవాబు చెప్పే ప్రతి ఫంక్షన్‌కు మూడో జవాబు కూడా ఉండాలి. అది లేని ఫంక్షన్‌ను ఆమోదించకండి.

ఫంక్షన్లతో ఇంకా చాలా చెయ్యవచ్చు. సార్ట్ అనే అంతర్గత ఫంక్షన్‌కు జాబితాతో పాటు రెండు అంశాలను పోల్చే మన సొంత ఫంక్షన్ ఇస్తే ఆ ప్రకారం వరుస పేరుస్తుంది. డెసిషన్ సర్వీస్ అని కొన్ని నిర్ణయాలను ఒక గుంపుగా కట్టి దాన్నే ఫంక్షన్‌లా పిలవచ్చు. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉన్న ఫంక్షన్‌ను క్లాసు పేరు, మెథడ్ వివరం ఇచ్చి ఎక్స్‌టర్నల్ అనే మాటతో తెచ్చుకునే ఏర్పాటు కూడా ఉంది. ఈ చివరిదాన్ని అర్హత నిబంధనలకు వాడటం నాకిష్టం లేదు. గణిత సూత్రాలకైతే పర్వాలేదు. ఒక మనిషికి సాయం అందాలా వద్దా అనేది జావా లోపలికి వెళ్లిపోతే దాన్ని చదవగలిగేవాళ్ల సంఖ్య పడిపోతుంది, ఫీల్ వాడిన ప్రయోజనమే పోతుంది.

అన్నిటినీ ఫంక్షన్లు చేసెయ్యమని అనడం లేదు. ఒక్కచోటే వాడే, ఇంకెప్పుడూ అవసరం రాని చిన్న షరతుకు వేరే పేరు పెడితే చదివేవాళ్లు పుటలు తిప్పుకోవాలి. కానీ వయసు, ఆదాయం, వాయిదా, గడువు, అంకెల సవరింపు ఈ ఐదూ ఏ సంస్థలోనైనా ఒక్కచోటే ఉండాలి. అంకెల సవరింపు అంటే మరీ చిన్నదనుకోకండి. ఫీల్‌లోని డెసిమల్ ఫంక్షన్ 1.5ను 2గా సవరిస్తుంది, 2.5ను కూడా 2గానే సవరిస్తుంది. సరిగ్గా సగం దగ్గర సరి సంఖ్య వైపు వెళ్లే పద్ధతి అది. సగం వస్తే పైకే వెళ్లాలన్నది మీ నిబంధన అయితే, తర్వాతి వెర్షన్లలో చేర్చిన రౌండ్ హాఫ్ అప్ వాడాలి. రెండు పట్టికల్లో రెండు పద్ధతులుంటే మొత్తాలు ఎందుకు కలవడం లేదో వెతకడానికే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

"మేము నిబంధన చెబుతాం, రాసేది సాఫ్ట్‌వేర్ వాళ్లు" అనే అధికారుల మాట చాలాసార్లు విన్నాను. నిబంధన అంటే వాళ్ల సంతకం ఉన్న ఉత్తర్వు అనుకుంటున్నారు. దరఖాస్తును తూచేది ఆ ఉత్తర్వు కాదు, ఈ ఫంక్షన్. ఉత్తర్వులో "18 ఏళ్లు నిండిన" అని ఉంటే ఏ తేదీ నాటికి నిండాలో, ఫిబ్రవరి 29 సంగతేమిటో, తేదీ లేకపోతే ఏం చెయ్యాలో ఆ పని చేసే ప్రోగ్రామర్ తనకు తోచినట్టు తేల్చుకోవలసి వస్తోంది. అది అతనికీ అన్యాయమే. పై ఫంక్షన్లలో ఏదీ రెండు మూడు వరుసలు దాటలేదు. శ్రద్ధ ఉన్న ఏ అధికారైనా ఒక మధ్యాహ్నం కూర్చుంటే చదవడం వచ్చేస్తుంది. చదివి, దాని కింద తన పేరు రాయాలి.

పక్కనే పరీక్ష వరుసలు కూడా ఉంచాలి. వయసు లెక్కకైతే పుట్టినరోజుకు ముందు రోజు, పుట్టినరోజు నాడు, మర్నాడు, ఫిబ్రవరి 29న పుట్టిన మనిషి, తేదీ లేని మనిషి. ప్రతిదానికీ రావలసిన జవాబు ముందే రాసి పెట్టుకుని, ఫంక్షన్ ముట్టుకున్న ప్రతిసారీ అన్నీ నడిపి చూడాలి. డీఎంఎన్ సాఫ్ట్‌వేర్లు తయారుచేసేవాళ్లు తమ ఉత్పత్తులు ప్రమాణానికి కట్టుబడి ఉన్నాయో లేదో చూసుకోవడానికి టీసీకే అనే ఉమ్మడి పరీక్షల సంచిని బహిరంగంగా నడుపుతున్నారు. పరికరం చేసేవాళ్లకు ఉన్న ఆ జాగ్రత్త నిబంధన రాసేవాళ్లకూ ఉండాలి.

మీ పత్రిక ద్వారా ఇలాంటి నిర్ణయాలు నడిపే సంస్థలన్నిటినీ ఒక్కటి కోరుతున్నాను. తిరస్కరణ ఉత్తరంలో "నిబంధనల ప్రకారం అర్హత లేదు" అని రాసి వదిలెయ్యకండి. ఏ ఫంక్షన్ ఆ మాట చెప్పిందో దాని పేరు, వెర్షన్, దానికి ఇచ్చిన వివరాలు, అది ఇచ్చిన జవాబు ముద్రించండి. ఉదాహరణకు ఇలా: "వయసు లెక్క, వెర్షన్ 3. పుట్టిన తేదీ: 2007 నవంబర్ 20. లెక్క తేదీ: 2025 నవంబర్ 17. ఫలితం: 17. కావలసింది: 18." సాఫ్ట్‌వేర్ దగ్గర ఈ వివరాలన్నీ అప్పటికే ఉంటాయి, కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ లేదు. ఆ కాగితం అందుకున్న మనిషి తన పుట్టిన తేదీ తప్పు పడి ఉంటే వెంటనే చెప్పగలరు, లేదా మూడు రోజులు ఆగి మళ్లీ దరఖాస్తు పెట్టుకోగలరు.

ఇట్లు,
నిర్ణయ నిబంధనలు రాసే ఒక ఉద్యోగి